బొటనవేలు ఒప్పుకున్నదే మంచి కంట్రోలర్

పాత వీడియోగేములు ఆడుకోవడానికి వైర్‌లెస్ కంట్రోలర్ కొనాలనుకునేవాళ్లు మొదట అడిగేది "ఏ కంపెనీది మంచిది?" అని. ఆ ప్రశ్నకు ఎవరూ సరైన జవాబు చెప్పలేరు. మీరు ఏ ఆట ఆడతారో, ఏ మెషీన్ మీద ఆడతారో, ఎలాంటి టీవీ ముందు కూర్చుంటారో తెలియకుండా మంచిచెడ్డలు తేలవు. కాంట్రా ఆడేవాళ్లు ప్రాణంగా చూసుకునే కంట్రోలర్‌తో సూపర్ మారియో 64లో నాలుగు అడుగులు కూడా సరిగ్గా వేయలేం.

చిన్నప్పుడు క్యాసెట్ ఊది పెట్టుకుని ఆడిన ఆటల దగ్గరికి ముప్పై, నలభై ఏళ్లు దాటాక తిరిగొచ్చేవాళ్లను గమనిస్తుంటాను. కొత్త పెద్ద టీవీ, అందమైన కొత్త కంట్రోలర్, పాత మారియో. రెండు సాయంత్రాలు ఆడతారు. చిన్నప్పుడు కళ్లు మూసుకుని దాటిన గోతుల్లోనే పడుతుంటారు. "వయసైపోయింది, చేతులు మునుపటిలా లేవు" అనుకుని అన్నీ సర్ది అటకెక్కిస్తారు. ఇది చూస్తే నాకు నిజంగా బాధ కలుగుతుంది. చాలాసార్లు ఆ చేతులకు ఏమీ కాలేదు. వేలు నొక్కిన మాట మెషీన్‌కు ఆలస్యంగా చేరుతోంది, లేదా తప్పుగా చేరుతోంది. మనిషి మాత్రం తప్పు తనదే అనుకుంటున్నాడు. ఆటలో ఓడిపోవడానికి ఎవరికీ అభ్యంతరం ఉండదు. ఓడినప్పుడు ఆ ఓటమి మనదై ఉండాలి. ఈ అధ్యాయం రాస్తున్నది ఆ ఒక్కదాని కోసమే.

కాబట్టి కొనేముందు ఒక కాగితం తీసుకుని మూడు ఆటల పేర్లు రాయండి. ఎప్పుడో ఆడదామనుకుంటున్నవి వద్దు. ఈమధ్య నిజంగా ఆడినవి, మళ్లీ ఆడబోయేవి రాయండి. వాటి పక్కన అవి పుట్టిన మెషీన్ పేరు రాయండి. దాని పక్కన మీరు ఇప్పుడు వాటిని దేనిమీద ఆడుతున్నారో రాయండి: అసలు కన్సోలా, చిన్న సైజులో మళ్లీ వచ్చిన మినీ కన్సోలా, కంప్యూటర్‌లోనో ఫోన్‌లోనో ఎమ్యులేటరా. ఈ కాగితం లేకుండా దుకాణం మెట్లెక్కకండి.

ముందు డీప్యాడ్

మీ కాగితం మీద ఎనిమిది బిట్ల, పదహారు బిట్ల ఆటలే ఉంటే కంట్రోలర్‌లో మీరు కొనేది ముఖ్యంగా ఒకే ఒక్క భాగం. ఎడమ బొటనవేలి కింద ఉండే ప్లస్ గుర్తు, డీప్యాడ్. మిగతావన్నీ దాని తర్వాతే.

ఈ ప్లస్ ఆకారాన్ని నింటెండోలో గుంపే యోకోయి రూపొందించాడు. 1982లో జేబులో పట్టే డాంకీ కాంగ్ గేమ్ అండ్ వాచ్‌లో అది కనిపించింది. మరుసటి ఏడాది నింటెండో ఫ్యామికామ్ కన్సోల్ కంట్రోలర్ మీదికి వచ్చింది. నింటెండో దాని మీద పేటెంట్ తీసుకోవడంతో పోటీ కంపెనీలు వేరే దారులు వెతుక్కున్నాయి. 1988 నాటి సెగా మెగాడ్రైవ్‌కు గుండ్రటి పళ్లెం లాంటి ప్యాడ్ వచ్చింది. 1994లో సోనీ ప్లేస్టేషన్‌కు పైకి నాలుగు విడి ముక్కలుగా కనిపించే అమరిక వచ్చింది. ఈ చరిత్రతో మనకేం పని అనుకోకండి. ఆట తయారుచేసినవాళ్లు తమ ముందున్న ప్యాడ్‌తోనే దాన్ని వేలసార్లు ఆడి సరిచూసుకున్నారు. గుండ్రటి ప్యాడ్ మీద బొటనవేలిని జార్చి తిప్పేలా కుదిరిన ఆటను నాలుగు విడి మీటల మీద ఆడితే వేలు నొప్పెడుతుంది. చెప్పు కాలిని బట్టి కొనుక్కున్నట్టే ప్యాడ్‌ను ఆటను బట్టి ఎంచుకోవాలి.

డీప్యాడ్‌లో రెండు రకాల లోపాలుంటాయి, అవి ఒకదానికొకటి పూర్తిగా ఎదురు. మొదటిది మరీ వదులు. కుడివైపు నొక్కి పరుగెడుతున్నారు, వేలు వెంట్రుకవాసి కిందికి జారింది. మెషీన్‌కు "కుడి, కింద" అని రెండూ చేరాయి. కాంట్రాలో అయితే తుపాకీ నేలకేసి వంగుతుంది, ఎదురుగా వస్తున్న సైనికుడికి తూటా తగలదు. టెట్రిస్‌లో అయితే ముక్కను పక్కకు జరపబోతే అది జర్రున కిందికి దిగిపోతుంది. రెండో లోపం మరీ బిగువు. మూలలు పలకవు. స్ట్రీట్ ఫైటర్ 2లో ర్యూ చేత అగ్నిగోళం వేయించాలంటే కింద, కింద-ముందు, ముందు అని వేలు విల్లులా తిరిగి పంచ్ నొక్కాలి. మధ్యలో ఆ మూల పలకకపోతే ర్యూ నిలబడి ఒట్టి గుద్దు గుద్దుతాడు. వదులు ప్యాడ్ కాంట్రా ఆడేవాళ్లకు శత్రువు, బిగువు ప్యాడ్ స్ట్రీట్ ఫైటర్ ఆడేవాళ్లకు శత్రువు. మీ కాగితం మీద ఏ ఆట ఉందో దాన్ని బట్టే మీకు ఏ లోపం ఎక్కువ ప్రమాదమో తేలుతుంది.

ఇంట్లోనే దీన్ని పరీక్షించుకోవచ్చు. కంట్రోలర్‌ను కంప్యూటర్‌కు కలిపి, గేమ్ కంట్రోలర్ల సెట్టింగులు తెరిస్తే ఏది నొక్కితే అది వెలిగే పట్టిక కనిపిస్తుంది. కుడివైపు గట్టిగా నొక్కి పట్టుకుని, బొటనవేలిని మెల్లగా పైకీ కిందికీ ఊపండి. వేలు స్పష్టంగా కదిలేదాకా కుడి ఒక్కటే వెలగాలి. తర్వాత ఎడమ, పైన, కింద. ఆ తర్వాత వేలు ఎత్తకుండా గుండ్రంగా తిప్పండి, ఎనిమిది దిక్కులూ వరసగా రావాలి, ఒక్కటీ ఎగిరిపోకూడదు. కంప్యూటర్ లేకపోతే కాంట్రా టైటిల్ తెర మీద ముప్పై ప్రాణాలు ఇచ్చే పాత సూత్రం ఉండనే ఉంది: పైన రెండుసార్లు, కింద రెండుసార్లు, ఎడమ కుడి, ఎడమ కుడి, బీ, ఏ, ఆపైన స్టార్ట్. దాన్ని వేగంగా వేసినప్పుడు తరచూ విఫలమవుతుంటే ప్యాడ్‌ను అనుమానించండి. స్ట్రీట్ ఫైటర్ అయితే అగ్నిగోళాన్ని ర్యూ కుడికి తిరిగినప్పుడు ఒకసారి, ఎడమకు తిరిగినప్పుడు ఒకసారి వేసి చూడండి. ఒకవైపు బాగా పలికి రెండోవైపు పలకని ప్యాడ్‌లు చాలానే ఉంటాయి.

కుడి బొటనవేలు చేసే పని

ఎడమ వేలికి ఇంత విచారించి కుడి వేలిని వదిలేస్తారు చాలామంది. సూపర్ మారియో బ్రదర్స్ ఆడేటప్పుడు మీ కుడి బొటనవేలు ఏం చేస్తుందో ఒకసారి గమనించండి. వేలి కొన బీ బటన్‌ను నొక్కి పట్టి పరుగెత్తిస్తుంటుంది. అదే వేలి కణుపు దగ్గరి కండ పక్కనే ఉన్న ఏ బటన్ మీదికి ఒరిగి గెంతిస్తుంది. వేలు ఎక్కడా లేవదు, ఒరుగుతుంది అంతే. నింటెండో ఎన్‌ఈఎస్ కంట్రోలర్ మీద బీ, ఏ పక్కపక్కనే ఉండడం వల్ల ఇది కుదిరింది.

ఇప్పుడు దొరికే ఎక్కువ కంట్రోలర్ల మీద నాలుగు బటన్లు ముగ్గు చుక్కల్లా నాలుగు దిక్కుల్లో ఉంటాయి. ఇది 1990లో జపాన్‌లో వచ్చిన సూపర్ ఫ్యామికామ్ నాటి అమరిక. దీని మీద ఎన్‌ఈఎస్ ఆటలు ఆడేటప్పుడు కింది బటన్ బీగా, కుడి బటన్ ఏగా ఉంటే వేలు అడ్డంగా మెలిపడాలి. అరగంటకే మణికట్టు దగ్గర లాగుతుంది. ఎడమ బటన్‌ను బీగా, కింది బటన్‌ను ఏగా మార్చుకుంటే వేలు మళ్లీ తన సహజమైన వాలులో పడుకుంటుంది. సూపర్ మారియో వరల్డ్‌లో పరుగు ఎడమనున్న వై మీద, గెంతు కింద ఉన్న బీ మీద ఉండడం కూడా ఈ వాలుకే అనుగుణంగా ఉంటుంది. ఎమ్యులేటర్‌లో అయితే ఈ మార్పు నిమిషం పని. అసలు కన్సోల్ మీద ఆడేవాళ్లు మాత్రం కంట్రోలర్‌లోనే బటన్లు మార్చుకునే వీలుందా అని ముందే కనుక్కోవాలి.

ఇంకొకటి, బటన్ల మీద ఉండే అక్షరాలను నమ్ముకోకండి. నింటెండో వరసలో ఏ కుడివైపు ఉంటుంది, ఎక్స్‌బాక్స్ వరసలో కిందివైపు ఉంటుంది. రెండు రకాల కంట్రోలర్లూ ఇంట్లో ఉన్నవాళ్లకు "ఏ నొక్కు" అని పిల్లలకు చెప్పడమే కష్టం. అక్షరం చూడకుండా వేలికే తెలిసే గుర్తులు మేలు. అమెరికాలో అమ్మిన సూపర్ నింటెండో కంట్రోలర్‌కు ఎక్స్, వై బటన్లు గుంటగా, ఏ, బీ ఉబ్బెత్తుగా ఉండేవి. వేలు పెట్టగానే ఎక్కడున్నామో తెలిసిపోయేది.

సెగా ఆటలవాళ్లకు లెక్క వేరు. మెగాడ్రైవ్ మొదట మూడు బటన్లతో వచ్చింది. స్ట్రీట్ ఫైటర్ 2కు ఆరు కావాలి: మూడు గుద్దులు, మూడు తన్నులు. మూడు బటన్ల ప్యాడ్‌తో ఆడితే స్టార్ట్ నొక్కుతూ గుద్దులకూ తన్నులకూ మధ్య మారాల్సి వచ్చేది. 1993లో ఆరు బటన్ల ప్యాడ్ వచ్చాక ఆ బాధ తీరింది. అందుకని మెగాడ్రైవ్ కోసం ఈనాటి కంట్రోలర్ కొంటే ఆరు బటన్లదే కొనండి, నాలుగు బటన్ల ముగ్గుతో సర్దుకోకండి. పాత సెగా ఆటలు కొన్ని ఆరు బటన్ల ప్యాడ్‌ను చూసి తికమకపడతాయి. మోడ్ బటన్ నొక్కి పట్టి మెషీన్ ఆన్ చేస్తే ప్యాడ్ మూడు బటన్లదానిలా నడుచుకుంటుంది. కొనబోయే దానిమీద ఆ మోడ్ బటన్ ఉందో లేదో చూసుకోండి.

తీగ తీసేసినప్పుడు పోయేదేమిటి

ఇప్పటికి వైర్‌లెస్ దగ్గరికి వచ్చాం. ఆలస్యంగా వచ్చామంటే కారణం ఉంది. డీప్యాడ్ బాగాలేని కంట్రోలర్‌కు ఎంత గొప్ప రేడియో ఉన్నా ప్రయోజనం లేదు.

తీగ లేకుండా ఆడాలనే కోరిక కొత్తదేమీ కాదు. 1989లోనే నింటెండో శాటిలైట్ అనే పెట్టె తెచ్చింది. అది టీవీ రిమోట్ పద్ధతిలో ఇన్‌ఫ్రారెడ్ మీద పనిచేసేది, మధ్యలో ఎవరైనా నడిస్తే సంకేతం తెగేది. 2002లో గేమ్‌క్యూబ్ కోసం వచ్చిన వేవ్‌బర్డ్ రేడియోకు మారింది. అది ఎంత నమ్మకంగా పనిచేసిందంటే తీగలేని కంట్రోలర్ అంటే వెనకబడినది అనే మాట దానితో చెల్లిపోయింది. బ్యాటరీ మిగల్చడం కోసం అందులో వైబ్రేషన్ తీసేశారు.

ఇప్పుడు రెండు దారులున్నాయి. ఒకటి బ్లూటూత్. రెండోది కంట్రోలర్‌తో పాటు వచ్చే ప్రత్యేక రిసీవర్, దుకాణాల్లో దాన్ని 2.4 గిగాహెర్ట్జ్ అని పిలుస్తారు. నిజానికి బ్లూటూత్ కూడా ఆ 2.4 గిగాహెర్ట్జ్ ప్రాంతంలోనే నడుస్తుంది. తేడా మాట్లాడుకునే పద్ధతిలో ఉంది. ప్రత్యేక రిసీవర్ ఒకే కంట్రోలర్‌తో మాట్లాడుతుంది కాబట్టి సాధారణంగా ఆలస్యం తక్కువ. బ్లూటూత్ చాలా పరికరాలతో కలిసిపోతుంది కాబట్టి సౌకర్యం ఎక్కువ. రెండూ దొరికినప్పుడు, పాత యాక్షన్ ఆటలకైతే నేను ప్రత్యేక రిసీవర్‌నే ఎంచుకోమంటాను. రోల్ ప్లేయింగ్ ఆటలు, పజిళ్లు ఆడేవాళ్లకు బ్లూటూత్ చాలు.

ఆలస్యం అంటే ఎంత? పాత కన్సోల్ సెకనుకు 60 బొమ్మలు చూపిస్తుంది, పాల్ టీవీ పద్ధతి మెషీన్లయితే 50. అంటే ఒక్కో ఫ్రేముకు దాదాపు 16.7 మిల్లీసెకన్లు, పాల్‌లో 20. సాధారణంగా ఆట ప్రతి ఫ్రేముకు ఒకసారి కంట్రోలర్ వైపు చూసి "ఏ బటన్ నొక్కి ఉంది?" అని అడుగుతుంది. మీ నొక్కు ఆ చూపుకు కాస్త ముందు చేరితే ఈ ఫ్రేములోనే పని జరుగుతుంది, కాస్త వెనక చేరితే తర్వాతి ఫ్రేముకు వాయిదా. అందువల్ల మంచి వైర్‌లెస్ కంట్రోలర్ తెచ్చే కొన్ని మిల్లీసెకన్లు చాలాసార్లు అసలు తెలియను కూడా తెలియవు. చెడ్డదాని లక్షణం వేరు. దాని ఆలస్యం ఒక్కో నొక్కుకు ఒక్కోలా ఉంటుంది. స్థిరంగా ఉండే ఆలస్యానికి చేయి అలవాటుపడగలదు. మారుతూ ఉండే ఆలస్యానికి ఏ చేయీ అలవాటుపడలేదు.

కంట్రోలర్‌ను తిట్టే ముందు టీవీని చూడండి. ఇది చాలా ముఖ్యం కాబట్టి కాస్త ఆగి చెప్తున్నాను. పాత డబ్బా టీవీలు వచ్చిన సంకేతాన్ని వచ్చినట్టే తెర మీద గీసేవి. ఇప్పటి టీవీలు బొమ్మను మెరుగులు దిద్ది, సైజు పెంచి, అప్పుడు చూపిస్తాయి. ఆ పనికి నాలుగైదు ఫ్రేముల కాలం పట్టే టీవీలున్నాయి, కంట్రోలర్ ఆలస్యం దాని ముందు ఏమూలకూ రాదు. సెట్టింగుల్లో గేమ్ మోడ్ అని ఉంటుంది. దాన్ని ఆన్ చేస్తే ఆ మెరుగుల్లో చాలావరకు ఆగిపోతాయి. కొత్త కంట్రోలర్ కొనాలనుకుంటున్నవాళ్లంతా ముందు ఈ ఒక్క పని చేసి, ఒక సాయంత్రం పాత దానితోనే ఆడి చూడండి. కొందరికి కొనాల్సిన అవసరమే తీరిపోతుంది.

ఆలస్యాన్ని కొలవడానికి 1987 నాటి మైక్ టైసన్స్ పంచ్-అవుట్!! కన్నా మంచి ఆట నాకు తెలియదు. ఎదుటివాడు కన్ను గీటగానో, భుజం కదలగానో తప్పుకోవాలి. ముందువాళ్ల మీద నెగ్గి, చివరివాళ్ల దగ్గర ప్రతి గుద్దూ తింటుంటే తీగ కంట్రోలర్‌తో అదే పోరు ఆడి చూడండి. తీగతో కూడా తింటే సాధన చాలలేదు, లేదా టీవీ సంగతి. తీగతో తప్పుకోగలిగితే తప్పు వైర్‌లెస్‌ది.

రిసీవర్ పెట్టే చోటు కూడా చూసుకోండి. కంప్యూటర్‌లో నీలం రంగు యూఎస్‌బీ 3 పోర్టులు, వాటికి తగిలించిన హార్డ్ డిస్కులు 2.4 గిగాహెర్ట్జ్ దగ్గర రేడియో గోల చేస్తాయి. రిసీవర్‌ను వాటి పక్కనే గుచ్చితే నొక్కులు మధ్యలో రాలిపోతాయి. చిన్న యూఎస్‌బీ ఎక్స్‌టెన్షన్ తీగతో రిసీవర్‌ను ముందుకు, మీకు కనపడేలా తెచ్చి పెడితే చాలా ఫిర్యాదులు అక్కడే తీరతాయి. వై-ఫై రౌటర్ మీద కన్సోల్ పెట్టకండి.

మెషీన్ ఏమంటుంది

ఎమ్యులేటర్ మీద ఆడేవాళ్లకు చిక్కు తక్కువ. బ్లూటూత్‌ది ఏదైనా, యూఎస్‌బీ రిసీవర్‌ది ఏదైనా కలుస్తుంది. ఎయిట్‌బిట్‌డో లాంటి కంపెనీల కంట్రోలర్లలో విండోస్‌కు, ఆండ్రాయిడ్‌కు, స్విచ్‌కు వేర్వేరు మోడ్‌లుంటాయి. ఆన్ చేసేటప్పుడు తప్పు మోడ్‌లో ఉంటే బటన్లు అడ్డదిడ్డంగా పలుకుతాయి, అంతే తప్ప కంట్రోలర్ చెడిపోయినట్టు కాదు.

మినీ కన్సోళ్ల విషయంలో వైర్‌లెస్ నిజంగా అవసరం. 2016లో వచ్చిన ఎన్‌ఈఎస్ క్లాసిక్ ఎడిషన్ కంట్రోలర్ తీగ రెండున్నర అడుగులు దాటదు. టీవీకి ముక్కు ఆనించి కూర్చుని ఆడలేం. వాటికి సరిపోయే రిసీవర్లు విడిగా దొరుకుతాయి. మెనూకు వెళ్లే హోమ్ సౌకర్యం కంట్రోలర్ నుంచే ఉందేమో చూడండి, లేకపోతే ఆట మార్చాలన్నప్పుడల్లా లేచి వెళ్లాలి.

అసలు కన్సోల్ మీద ఆడేవాళ్లు జాగ్రత్తగా చదవాలి. ఒకే పేరుతో రెండు మూడు రకాలు అమ్ముతుంటారు. ఎయిట్‌బిట్‌డో ఎం30 మంచి ఆరు బటన్ల ప్యాడ్. దానిలో బ్లూటూత్ రకం వేరు, అసలు మెగాడ్రైవ్‌కు తగిలే రిసీవర్‌తో వచ్చే 2.4 గిగాహెర్ట్జ్ రకం వేరు. బొమ్మలో రెండూ ఒకేలా ఉంటాయి. రెట్రో-బిట్ కంపెనీ సెగా అనుమతితో చేసే మెగాడ్రైవ్, శాటర్న్ వైర్‌లెస్ ప్యాడ్‌లలో రెండు రిసీవర్లు ఇస్తారు, ఒకటి అసలు పోర్టుకు, ఒకటి యూఎస్‌బీకి. అసలు కన్సోలూ ఎమ్యులేటరూ రెండూ వాడేవాళ్లకు ఈ పద్ధతి బాగా నచ్చుతుంది. శాటర్న్ ప్యాడ్ ఆకారం పోరాట ఆటలకు నేను చూసినవాటిలో మొదటి వరసలో నిలబడుతుంది. ఇప్పటికే ఇంట్లో ప్లేస్టేషన్ 4 కంట్రోలర్ లాంటిది ఉంటే కొత్తది కొనకుండా రిసీవర్ మాత్రమే కొనే దారి కూడా ఉంది. ఎన్‌ఈఎస్, సూపర్ నింటెండోలకు ఎయిట్‌బిట్‌డో రెట్రో రిసీవర్ ఉంది. ఇంకా చాలా కన్సోళ్లకు బ్లూరెట్రో అనే ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ మీద తయారైన అడాప్టర్లు దొరుకుతాయి. చేతికి అలవాటైన కంట్రోలర్‌ను పాత మెషీన్‌కు కలపడానికి అంతకన్నా పొదుపైన మార్గం లేదు. ఇద్దరు ఆడాలంటే మామూలుగా పోర్టుకొకటి చొప్పున రెండు రిసీవర్లు కావాలని మరవకండి. కాంట్రా ఒంటరిగా ఆడే ఆట కాదు.

మన ఇళ్లలో తొంభైల నాటి టీవీ వీడియోగేములకు ఒక హెచ్చరిక. వాటిలో చాలావరకు ఫ్యామికామ్‌కు నకళ్లు. వాటి కంట్రోలర్ పోర్టులు కొన్ని తొమ్మిది పిన్నులతో అచ్చం సెగా మెగాడ్రైవ్ పోర్టులాగే కనిపిస్తాయి. లోపలి తీగల అమరిక మాత్రం వేరు. పట్టింది కదా అని సెగా రిసీవర్‌ను అందులో పెట్టకండి. వెళ్లకూడని పిన్నుకు కరెంటు వెళ్తే రిసీవరో మెషీనో దెబ్బతింటుంది. ఆ పాత మెషీన్‌కు దాని తీగ కంట్రోలరే ఉంచి, ఆటలను మాత్రం ఎమ్యులేటర్ మీద వైర్‌లెస్‌తో ఆడుకోవడం మంచిదని నా సలహా.

అనలాగ్ కర్ర ఉన్న ఆటలు

1996 నాటి నింటెండో 64 కంట్రోలర్ ఆకారమే వింత, మూడు పిడులు, మధ్యలో కర్ర. ఆ కర్ర తిరిగే గాడి ఎనిమిది మూలలది. ఇప్పటి కర్రల గాడి ఎక్కువగా గుండ్రం, అవి పంపే కొలత కూడా వేరు. ఆ కొలతను సరిగ్గా మార్చి పంపని కంట్రోలర్‌తో చిన్నగా తోసినా మారియో పరుగు లంకించుకుంటాడు. పరీక్ష సులభం: సూపర్ మారియో 64లో నిద్రపోతున్న పిరానా మొక్క దగ్గరికి మునివేళ్ల మీద నడుచుకుంటూ వెళ్లండి. అది లేవకుండా మీరు చేరగలిగితే కర్ర మంచిది. సీ బటన్లు నాలుగూ విడిగా ఉన్నదాన్నే తీసుకోండి. వాటిని కుడి కర్ర మీదికి నెట్టేసిన కంట్రోలర్‌తో 1998 నాటి జెల్డా ఒకరీనా ఆఫ్ టైమ్‌లో ఒకరీనా స్వరాలు పలికించడం చాలా ఇబ్బంది. మారియో కార్ట్ 64లో మీ పాత పరుగు నీడను దాచుకోవాలంటే కంట్రోలర్ వెనక గుచ్చే మెమరీ ప్యాక్ కావాలి. వైర్‌లెస్‌లో దానికి చోటుందో లేదో అడిగి తెలుసుకోండి. డ్రీమ్‌కాస్ట్‌వాళ్లు కూడా మెమరీ యూనిట్ ఎక్కడ పెట్టాలో ఇలాగే అడగాలి.

ప్లేస్టేషన్ 2 కంట్రోలర్‌లో కంటికి కనపడని గుణం ఒకటుంది. బటన్‌ను ఎంత బలంగా నొక్కారో కూడా అది మెషీన్‌కు చెప్తుంది. మెటల్ గియర్ సాలిడ్ 2లో గురిపెట్టిన తుపాకీని పేల్చకుండా దించాలంటే బటన్‌ను మెల్లమెల్లగా వదలాలి. బయటి కంపెనీల వైర్‌లెస్ కంట్రోలర్లు చాలావాటిలో ఈ గుణం ఉండదు, అనుకోకుండా తుపాకీ పేలిపోతుంది. ఆ ఆట మీ కాగితం మీద ఉంటే తప్పనిసరిగా అడగండి. 2009లో హైదరాబాద్‌లోని అరోనా టెక్నాలజీస్ ప్లేస్టేషన్ 2 కోసం చేసిన హనుమాన్: బాయ్ వారియర్ లాంటి ఆటలు బయటికి తీసి పిల్లలకు చూపించాలనుకునేవాళ్లు కూడా అసలు మెషీన్‌కు తగిలే రిసీవరే వెతుక్కోవాలి.

అనలాగ్ కర్రల్లో ఇప్పుడు హాల్ ఎఫెక్ట్ రకం వస్తోంది. అయస్కాంతంతో కొలుస్తుంది, భాగాలు రాసుకోవు, కాబట్టి కర్ర తనంతట తాను పక్కకు జరిగే జబ్బు తక్కువ. నింటెండో 64, ప్లేస్టేషన్ ఆటలకు దానికి కాస్త ఎక్కువ పెట్టినా దండగ లేదు. మారియో, టెట్రిస్, కాంట్రాలే ఆడేవాళ్లు దానికోసం ఒక్క రూపాయి ఎక్కువ ఇవ్వనక్కర్లేదు.

కొనేటప్పుడు

అన్నిటికీ సరిపోయే ఒకే కంట్రోలర్ కావాలనే ఆశ సహజం. ధర చూస్తే అదే లాభంగా కనిపిస్తుంది. నా తీర్పు మాత్రం వేరు. ఎనిమిది, పదహారు బిట్ల ఆటలకు కర్రలు లేని, మంచి డీప్యాడ్ ఉన్న మామూలు ప్యాడ్ ఒకటి, అనలాగ్ ఆటలకు ఇంకొకటి, అంతే. మూడోది వద్దు. రెండూ ఒకేసారి కొనలేకపోతే కాగితం మీద మొదట ఏ ఆట పేరు ఉందో దానిదే ముందు కొనండి.

పట్టు కూడా చూసుకోండి. మరీ చిన్నవి జేబులో ముద్దుగా ఉంటాయి, పెద్ద చేతులకు గంటలోపే తిమ్మిరెక్కిస్తాయి. పిల్లలకు అవే బాగుంటాయి. బ్యాటరీ మార్చుకునే వీలున్నది దొరికితే దాన్నే తీసుకోండి. లోపల అతికించిన లిథియం బ్యాటరీ కొన్నేళ్లకు నీరసపడుతుంది, అప్పుడు బాగున్న బటన్లను కూడా బ్యాటరీతో పాటే పారేయాల్సి వస్తుంది. నెలల తరబడి వాడకపోతే పూర్తిగా ఖాళీ చేసి ఉంచకండి. పేరున్న కంట్రోలర్లకు అచ్చుగుద్దినట్టు నకిలీలు ఉంటాయి. ఫర్మ్‌వేర్ నవీకరణకు కంపెనీ సాఫ్ట్‌వేర్ ఇస్తుందా లేదా అన్నది అసలును గుర్తించడానికి ఒక మార్గం, తర్వాత దొర్లే లోపాలు సరిచేసుకోవడానికి కూడా అదే ఆధారం.

కొన్న రోజే పెట్టె చింపి పారేయకండి. తిరిగి పంపే గడువు ఎన్ని రోజులో చూసి, ఆ రోజుల్లోనే మీ మూడు ఆటలూ ఆడండి. పట్టికలో దిక్కుల పరీక్ష చేయండి. తీగతో ఒకసారి, తీగ లేకుండా ఒకసారి ఆడి పోల్చండి. వేలు ఒప్పుకోకపోతే "అలవాటవుతుందిలే" అని సర్దిచెప్పుకోవద్దు, మొహమాటం లేకుండా వెనక్కి పంపండి. నచ్చి ఉంచుకున్నా సరే, పాత తీగ కంట్రోలర్ ఇంకా పనిచేస్తుంటే దాన్ని అమ్మేయకండి, ఎవరికీ ఇచ్చేయకండి. కొత్తదాని మీద అనుమానం వచ్చిన రోజున పోల్చి చూసుకోవడానికి అది మీ దగ్గర ఉండాలి.